బొగ్గును కడిగిన నీళ్ళు

బొగ్గును కడుగుతారంటే పకపక నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆ మాట చెవిని పడగానే తెలుగువాడికి వేమన గుర్తుకు వస్తాడు. బొగ్గు కడగడమంటే మనకు దండగమారి పనికి మారుపేరు. కాని గనుల దగ్గర ఈ పని నిజంగానే చేస్తారు. అందుకోసం పెద్ద పెద్ద యంత్రాలు బిగించిన కార్ఖానాలే ఉన్నాయి. వాటిని వాషరీలంటారు. వేమన చెప్పిన దానికీ దీనికీ ఒక్కటే తేడా. అక్కడ పోవలసింది నలుపు. ఇక్కడ నలుపు మిగలాలి. కాలిన తరువాత తెల్లగా బయటపడే బూడిదే ముందుగా పోవాలి.

ఈ ప్రస్తావన ఇప్పుడెందుకంటారా? 2030 నాటికి 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చాలని మన ప్రభుత్వం సంకల్పం చెప్పుకొన్నది. 2024 జనవరిలో అందుకోసం 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఆ వాయువునుంచి మిథనాలు, ఎరువులు, కావాలంటే పెట్రోలు, డీజిలు గూడా చేయవచ్చు. ఈ వార్త వచ్చినప్పుడల్లా పత్రికలలో కోట్ల లెక్క వస్తుంది. పొయ్యిలోకి పోయేముందు ఆ బొగ్గుకు ఏమేమి సంస్కారాలు జరుగుతాయి, అందులో విడిచిన మైల ఎవరి వాకిట్లో పడుతుంది అన్న లెక్క మాత్రం రాదు. ఈ వారం ఆ లెక్కే చూద్దాం. నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. మా కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పే మిత్రుడు దగ్గర కూర్చుని ఓపికగా చెప్పబట్టి ఈ ధైర్యం చేస్తున్నాను.

బొగ్గునుంచి నూనె తీయడం కొత్త విద్య కాదు. జర్మనీకి బొగ్గు పుష్కలం, చమురు శూన్యం. అక్కడ బెర్గియస్ అనే ఆయన 1913లో ఒక పద్ధతికి పేటెంటు తీసికొన్నాడు. బొగ్గును ఎండబెట్టి, మెత్తగా విసిరి, నూనెతో ముద్ద కలిపి, గొప్ప ఒత్తిడిలో ఉదజని పట్టిస్తే అది ద్రవమవుతుంది. మన గృహిణులు కందిపొడిలో నెయ్యి వేసి ముద్ద కలపడం లాంటిదేనన్నమాట, తక్కిన తతంగం తప్ప. 1931లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం దక్కింది. రెండవ దారిని 1920లలో ఫిషర్, ట్రాప్ష్ అనే ఇద్దరు కనిపెట్టారు. బొగ్గును ముందు పూర్తిగా వాయువు చేసి, ఆ వాయువును ఇనుము, కోబాల్టు వంటి ఉత్ప్రేరకాలమీదుగా పంపి, మళ్ళీ ద్రవంగా కూర్చడం వారి ఉపాయం. రెండవ ప్రపంచ యుద్ధంలో హిట్లరు విమానాలకు పెట్రోలు చాలావరకు బొగ్గునుంచే వచ్చింది. అందుకే 1944 మే 12న అమెరికా బాంబర్లు లాయ్‌నా కార్ఖానా మీద పడ్డాయి. ఆష్విట్జ్ పక్కన ఇలాంటి నూనెకూ, కృత్రిమ రబ్బరుకూ కార్ఖానా కట్టడానికి తెచ్చిన ఖైదీలు వేలకొద్దీ చచ్చిపోయారు. ఈ విద్య పుట్టుకలో ఉన్న చీకటి అది. దాటవేయడం న్యాయం కాదు.

యుద్ధం ముగిశాక చౌకగా చమురు దొరికి ఈ విద్య మూలపడింది. ఒక్క దక్షిణాఫ్రికా మాత్రం విడవలేదు. 1950లో సాసోల్ అనే సంస్థను పెట్టి, 1955లో బొగ్గు పెట్రోలు తీసింది. 1973లో చమురు ధర భగ్గుమన్నాక సెకుండా అనేచోట ఇంకా పెద్ద కార్ఖానాలు రెండు తలపెట్టి, 1980లో ఒకటి, 1982లో ఒకటి నడిపించింది. అవి ఏటా సుమారు 4 కోట్ల టన్నుల బొగ్గును మింగుతాయి.

సరే, ఇంతకీ తయారీ సంగతి.

మన అమ్మమ్మల కాలంలో బొగ్గుల కుంపటి ఉండేది. అందులో పొడి బొగ్గు పోస్తే ఏమవుతుంది? గాలి ఆడక పొగచూరి ఆరిపోతుంది. అందుకే గడ్డలు ఏరి కుంపట్లో వేసి, మిగిలిన పొడిని పేడతో కలిపి ఉండలు చేసి ఎండబెట్టేవారు. సెకుండాలోని లుర్గీ పొయ్యిలు సరిగ్గా ఈ కుంపటి జాతివి. పైనుంచి బొగ్గు గడ్డలు దిగుతుంటాయి, కిందినుంచి ప్రాణవాయువూ ఆవిరీ ఎక్కుతుంటాయి. మధ్యలో సందులు పూడితే పని చెడుతుంది. అందుకని గనినుంచి వచ్చిన బొగ్గును జల్లెడపట్టి, గడ్డలను పొయ్యికీ, నలుసును పక్కనే ఉన్న ఆవిరి బాయిలర్లకూ పంపుతారు. అమెరికాలో ఉత్తర డకోటాలోని బ్యూలా ఊళ్ళో గూడా ఇదే పద్ధతి. అక్కడి నలుసు పొరుగున ఉన్న విద్యుత్కేంద్రానికి పోతుంది. గడ్డ ఒకరికి, పొడి ఒకరికి. పొయ్యినిబట్టి వంటసరుకు అన్నమాట.

రెండవ జాతి పొయ్యిలో చిన్న నలుసు కావాలి. ఎసట్లో బియ్యం కుతకుతలాడినట్లు గాలివేగానికి బొగ్గు నలుసు అందులో ఉడుకుతూ ఉంటుంది. జర్మనీలో వింక్లర్ దీన్ని 1926లో లాయ్‌నాలో నడిపించాడు. మూడవ జాతికి ముఖానికి వేసుకొనే పౌడరంత మెత్తని పిండి కావాలి. అది క్షణంలో భగ్గున మండి, బూడిద గూడా కరిగి గాజు ద్రవమై కారిపోతుంది. ఇంత మెత్తగా విసరడానికి విద్యుత్తు ఖర్చు. పైగా బొగ్గుపిండి గాలిలో లేస్తే నిప్పురవ్వకు బాంబులా పేలుతుంది. అందుచేత మరల్లో నత్రజని నింపి ఉంచుతారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిన కార్మికుడికి మాత్రం ఏ నత్రజనీ అడ్డురాదు.

ఇప్పుడు కడగడం. బియ్యం గాలించడం తెలిసినవారికి వాషరీని వేరే వివరించనక్కరలేదు. బొగ్గు తేలిక, రాయి బరువు. నీళ్ళలో ఆడిస్తే రాయి అడుగుకు చేరుతుంది. ఇంకా ఖచ్చితంగా కావాలంటే అయస్కాంతానికి అంటుకొనే ఇనుపరాతిని పిండిచేసి నీళ్ళలో కలుపుతారు. నీరు చిక్కబడుతుంది, బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది. విత్తనాల వడ్లను ఉప్పునీళ్ళలో పోసి తాలు తేల్చే రైతు పనే ఇది. కాకపోతే అక్కడ తేలింది పారేస్తాడు, ఇక్కడ తేలింది దాచుకొంటారు. తరువాత ఆ ఇనుపపిండిని అయస్కాంతపు పీపాలతో పట్టి మళ్ళీ వాడుకొంటారు. మరీ సన్నని బొగ్గుకు ఇవేవీ పనికిరావు. దానికి కొంచెం డీజిలు నూనె పూసి, నురుగు పుట్టించే మందు వేసి, కింద గాలి ఊదుతారు. బొగ్గు రేణువులు బుడగలను పట్టుకొని నురుగుతో పైకి వస్తాయి, మజ్జిగ చిలికితే వెన్న తేలినట్లు. బంకమన్ను అడుగున ఉండిపోతుంది.

ఆ అడుగున ఉండిపోయినదే మన కథలో ముఖ్యపాత్ర.

బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలో పోస్తే గేదెలు తాగుతాయి. బొగ్గు కడిగిన నీళ్ళను ఎవరు తాగాలి? అందులో మన్నూ, అతి సన్నని బొగ్గుపిండీ కలిసి నల్లని చారుగా ఉంటాయి. రోజులు గడిచినా తేరుకోదు. ఎక్కడో ఒకచోట గుంట తవ్వి నిలవచేయాలి, లేదా రాళ్ళ గుట్టమీద కుమ్మరించాలి. రెండూ చేశారు. ఫలితాలు గూడా చూశారు.

వేల్సులో అబర్‌ఫాన్ అని గనికార్మికుల ఊరు. దాని పైనున్న కొండమీద గనిలోంచి తీసిన రాయినీ మట్టినీ గుట్టలు పోసేవారు. వాటిలో ఏడవ గుట్టను 1958లో మొదలుపెట్టారు. దానికింద నీటి ఊట ఉన్నది, ఊరివాళ్ళందరికీ తెలుసు. ఆ గుట్టమీదనే బొగ్గు కడగగా మిగిలిన మెత్తని బురదను గూడా పోశారు. బడి వెనుక ఇలా పోయడం ప్రమాదమని స్థానిక మునిసిపల్ ఇంజనీరు 1963లోనే బొగ్గు బోర్డుకు ఉత్తరం వ్రాశాడు. ఉత్తరం ఫైలులో చేరింది. 1966 అక్టోబరు 21, శుక్రవారం, ఉదయం తొమ్మిదింబావు వేళ గుట్ట నీరై కదిలింది. పిల్లలు అప్పుడే తరగతుల్లో కూర్చున్నారు. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు. విచారణ సంఘం తప్పంతా బొగ్గు బోర్డుదేనని తేల్చింది. అంతకన్న విడ్డూరం ఏమంటే, మిగిలిన గుట్టలను తొలగించే ఖర్చుకు లక్షా యాభైవేల పౌన్లను ఆ పిల్లల పేర లోకం పంపిన చందాల నిధినుంచే తీసికొన్నారు. ఆ డబ్బు 1997లో గాని తిరిగి ఇవ్వలేదు. అదీ వడ్డీ లేకుండా.

అమెరికాలో పశ్చిమ వర్జీనియా కొండల్లో బఫెలో క్రీక్ అని ఒక వాగు. ఆ వాగుకు పై తట్టున వాషరీ నీళ్ళను నిలవచేయడానికి ఒక బొగ్గు కంపెనీ కట్ట వేసింది. కట్టకు వాడినది గూడా గని చెత్తే. ప్రభుత్వ తనిఖీదారు వచ్చి చూసి బాగానే ఉన్నదని వెళ్ళిన నాలుగు రోజులకు, 1972 ఫిబ్రవరి 26న, వానకు అది తెగింది. 125 మంది పోయారు, 4,000 మందికి ఇల్లు లేకుండా పోయింది. కంపెనీ దానికి దైవఘటన అని పేరు పెట్టింది. దేవుడు కట్ట వేసినట్లు దాఖలా ఎక్కడా లేదు.

ఇవేవీ నూనె కోసం కడిగిన బొగ్గులు కావు గదా అని మీరనవచ్చు. నిజమే. ఒకటి ఇళ్ళకూ బాయిలర్లకూ, ఒకటి ఉక్కుకూ కడిగినవి. కాని బురదకు ఆ భేదం తెలియదు. బొగ్గును వాయువుగా మార్చే పొయ్యిలు దేశంలో పెరిగే కొద్దీ కడిగే బొగ్గూ పెరుగుతుంది. మనకైతే మరీను.

ఎందుకంటే మన బొగ్గు జాతకమే అటువంటిది. యూరపు బొగ్గు చాలావరకు చెట్లు పెరిగిన చోటనే కూలి, మగ్గి ఏర్పడినది. మన గోండ్వానా బొగ్గు, ఉజ్జాయింపుగా 25 కోట్ల ఏళ్ళనాటిది, వరదలు చెట్టూ చేమా కొట్టుకొచ్చి ఒండ్రుతో కలిపి పేర్చినదని శాస్త్రజ్ఞులు చాలామంది అంటారు. అందువల్ల మన్ను బొగ్గుపక్కన లేదు, బొగ్గులోనే నూరినట్లు కలిసిపోయి ఉన్నది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో కనుగొన్న బొగ్గూ, దామోదర్ లోయ బొగ్గూ ఈ వంశానివే. మనవాళ్ళు దీనికి రాక్షసిబొగ్గు అని పేరు పెట్టారు. ఎవరు పెట్టారో గాని, బాగా ఎరిగి పెట్టారనిపిస్తుంది. నూటికి 35 నుంచి 45 పాళ్ళ బూడిద దీనికి మామూలు. అస్సాం బొగ్గుకు బూడిద తక్కువ. బదులుగా గంధకం ఎక్కువ, అదీ చాలావరకు కడిగితే పోని గంధకం.

ఒక చిన్న లెక్క వేద్దాం. నూటికి 40 పాళ్ళ బూడిద ఉన్న 100 టన్నుల బొగ్గు కడిగాం. 30 పాళ్ళ బూడిదతో 75 టన్నుల మంచి సరుకు వచ్చిందనుకోండి. అందులోకి ఇరవై రెండున్నర టన్నుల బూడిద వెళ్ళింది. మిగిలిన 25 టన్నుల రాళ్ళలో పదిహేడున్నర టన్నుల బూడిద ఉన్నది. తక్కిన ఏడున్నర టన్నులు? శుభ్రంగా మండే పదార్థం, రాళ్ళతో పాటు పోయింది. ఊరకే పోదు. గుట్టలో ఉండి గాలి తగిలి తనంతట తానే రాజుకొని ఏళ్ళ తరబడి పొగ కక్కుతుంది. ఆ పొగ పీల్చేది గుట్టకింద ఊరు.

జార్ఖండులో ఉక్కు కార్ఖానాల కోసం 1950ల నుంచే వాషరీలు వచ్చాయి. దశాబ్దాల తరబడి వాటి నల్లనీరు దామోదర్ నదిలో కలిసింది. దిగువ ఊళ్ళ బీదజనం ఆ నల్లబురదను నదిలోంచి ఎత్తి, ఎండబెట్టి, వంటచెరకుగా అమ్ముకొని బ్రతికారు. వాషరీ పారేసిన బొగ్గు ఇంకొకరి పొయ్యిలోకి వచ్చిందన్నమాట. దీన్ని పొదుపు అనాలో, దారిద్ర్యం అనాలో మీరే చెప్పండి.

ఇంకొక మార్గం లేదా అంటే, ఉన్నది. బురదనీటిని పెద్ద తొట్లలో తేర్చి, అడుగున చేరిన ముద్దను వడపోత యంత్రాల్లో పిండి, రొట్టెల్లా గట్టిపరచి, నీటిని మళ్ళీ వాషరీకే తిప్పవచ్చు. బయటికి చుక్క పోనక్కరలేదు. గట్టి ముద్దను తవ్వేసిన గనిలోనే పూడ్చవచ్చు. నీళ్ళు లేనిచోట గాలితోనే రాయిని వేరుచేసే యంత్రాలున్నాయి. చేటతో చెరగడమే అది, పెద్ద ఎత్తున. ఎక్స్‌రేతో గడ్డ గడ్డనూ చూసి రాయిని ఏరిపారేసే యంత్రాలు గూడా వచ్చాయి. విద్య లేక కాదు, డబ్బు పెట్టడానికి చేతులు రాక.

2014లో మన పర్యావరణ శాఖ ఒక నిబంధన పెట్టింది. గనికి 500 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న విద్యుత్కేంద్రాలకు పంపే బొగ్గులో బూడిద నూటికి 34 పాళ్ళు మించరాదన్నది. 2020 మే నెలలో దాన్ని తీసివేసింది. గని దగ్గర కడిగితే గని దగ్గర మురికి, కేంద్రం దగ్గర కాలిస్తే అక్కడ బూడిద. రెండుచోట్ల బాధకన్న ఒకచోట మేలని వాదం. అందులో కొంత నిజముంది. కాని రాళ్ళను రైలెక్కించి దేశమంతా ఊరేగించడానికి ఇది సమాధానం కాదని నా అభిప్రాయం. మురికి స్థలం మారింది, తగ్గలేదు.

బూడిద సంగతి తెలిసికొనడానికి మనం జార్ఖండు దాకా పోనక్కరలేదు. రామగుండంలో బొగ్గునుంచి యూరియా చేసే కార్ఖానా 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఒరిస్సాలోని తాల్చేరులో దానికి కవల ఉండేది. యూరియా ఇంధనం కాకపోవచ్చు గాని, బొగ్గును వాయువు చేసేదాకా దారి ఒక్కటే. ఇవి నేను చెప్పిన మూడవ జాతి పొయ్యిలు, పిండి బొగ్గు తినేవి. ఐరోపాలో బాగానే నడిచాయి. మన బొగ్గుతో వచ్చేసరికి, పొయ్యి వేడిలో పెద్దభాగం రాయిని కరిగించడానికే సరిపోయింది. దీనికి తోడు కరెంటు కోతలు, నష్టాలు. 1999లో మూసివేశారు. దాని చోట 2021లో మొదలైన కొత్త కార్ఖానా సహజవాయువుతో నడుస్తున్నది. బొగ్గుగనుల నడిబొడ్డున ఉండి గొట్టంలో వచ్చే వాయువుకోసం చేయి చాచవలసి వచ్చింది. తాల్చేరులో మళ్ళీ బొగ్గుతోనే కొత్త కార్ఖానాకు 2018లో శంకుస్థాపన జరిగింది. ఈసారి బూడిద పాలు తగ్గించడానికి, చమురు శుద్ధి కర్మాగారాల్లో మిగిలే పెట్రోలియం కోక్‌ను బొగ్గులో కలపాలని నిశ్చయించారు. కొలిమి మారలేదు గాని, పిండిలో పాళ్ళు మార్చుకొన్నారు.

పోతే, ఎంత కడిగినా పోనిది ఒకటున్నది. బొగ్గుపులుసు వాయువు.

దీని లెక్క సులువు. పెట్రోలులో ఒక కర్బన పరమాణువుకు ఇంచుమించు రెండు ఉదజని పరమాణువులుంటాయి. బొగ్గులో ఒకటి గూడా నిండుగా ఉండదు. లోటు ఉదజనిని ఎక్కడనుంచి తేవాలి? నీటినుంచి. నీటిలోని ప్రాణవాయువును విడదీసి పట్టుకొనిపోవడానికి ఎవరో ఒకరు కావాలి. ఆ పని బొగ్గులోని కర్బనమే చేస్తుంది, చేసి బొగ్గుపులుసు వాయువై ఎగిరిపోతుంది. అంటే ఇది పొరపాటున వచ్చే పొగ కాదు, వంటలోనే ఉన్నది. అందువల్లనే ముడిచమురు పెట్రోలుతో పోలిస్తే బొగ్గు పెట్రోలుకు గనినుంచి బండి దాకా ఆ వాయువు సుమారు రెండింతలు. సెకుండా ఒక్కచోటే ఏటా 5 కోట్ల టన్నులకు పైగా వదులుతున్నది. లోకంలో ఒకేచోట ఇంత వదిలే కార్ఖానా ఇంకొకటి లేదని పేరుపడింది. ఒక మంచి మాట గూడా చెప్పాలి: గంధకం సోకితే ఉత్ప్రేరకాలు చచ్చిపోతాయి గనుక, ఈ పద్ధతిలో గంధకాన్ని ముందే తీసివేస్తారు. ఆ డీజిలు పొగలో గంధకపు ఘాటు ఉండదు.

ఇంకొక సదుపాయం ఏమంటే, ఈ కార్ఖానాల్లో బొగ్గుపులుసు వాయువు మామూలు పొగలో మాదిరిగా గాలిలో పలచబడి పోకుండా చాలావరకు విడిగా, చిక్కగా చేతికి వస్తుంది. పట్టుకోదలచుకొంటే పట్టుకోవచ్చు. బ్యూలాలో 2000 నుంచి దాన్ని 300 కిలోమీటర్లకు పైగా గొట్టంలో కెనడాకు పంపి, వేబర్న్ చమురు క్షేత్రంలో భూమిలోకి దింపుతున్నారు. ఆ వాయువు తోపుడుకు ఇంకొంత చమురు పైకి వస్తుందనుకోండి. పుణ్యానికి పుణ్యం, వ్యాపారానికి వ్యాపారం. మన పథకాల్లో ఆ గొట్టం ఎక్కడికి వేస్తారో, ఎవరు వేస్తారో ముందుగా అడిగి తెలిసికోవలసి ఉన్నది.

హైదరాబాదులోని బి.హెచ్.ఇ.ఎల్. కార్ఖానాలో బూడిద ఎక్కువగల మన బొగ్గునుంచే మిథనాలు చేసే ప్రయోగశాల స్థాయి యంత్రాన్ని 2022 జనవరిలో ప్రారంభించారు. పొయ్యి రెండవ జాతిది, నలుసు ఉడికే రకం. మన బొగ్గుకు అదే నప్పుతుందని. రోజుకు 1.2 టన్నుల బొగ్గు తిని 0.25 టన్ను మిథనాలు ఇవ్వాలని దాని కొలత. నిపుణులు ఇంత చేయడం మెచ్చుకోదగిన పనే, సందేహం లేదు. నూటికి 40 పాళ్ళ బూడిద ఉన్న బొగ్గే వేశారనుకొంటే, పావుటన్ను మిథనాలు వచ్చిన రోజున అరటన్నుకు కాస్త తక్కువ బూడిద గూడా వస్తుంది. అంటే సరుకుకు ఇంచుమించు రెండింతలు. పది కోట్ల టన్నుల దగ్గర ఈ పాళ్ళు ఏమవుతాయో లెక్క వేసి చూడండి. నాలుగు కోట్ల టన్నుల బూడిద, కడిగితే కొంత గని దగ్గర, కడగకపోతే అంతా కార్ఖానా దగ్గర.

రామగుండం పాత కార్ఖానాలో బొగ్గు విసిరే మరల దగ్గర పనిచేసినవారు మన పాఠకుల్లో ఎవరైనా ఉంటే, ఆ రోజుల్లో బూడిదను ఎటు పంపేవారో, చుట్టుపక్కల బావుల నీళ్ళు ఎలా ఉండేవో నాకు వ్రాయవలసిందిగా కోరుతున్నాను.